మెటికల చప్పుడు

నేను దయ్యాలను నమ్మను. అప్పుడూ నమ్మలేదు. ఫలానా మలుపులో తెల్లచీర కనపడిందని ఎవరైనా అంటే, అది ఎవరిది, అక్కడెందుకు ఆరేశారు అని అడిగే రకాన్ని. ఇది ఎవరినీ భయపెట్టాలని చెప్పడం లేదు. ఇన్నేళ్లయినా మనసులోంచి పోవడం లేదు కాబట్టి చెబుతున్నాను.

పంతొమ్మిది వందల అరవైల్లో మేం హనుమకొండ బజారులో ఉండేవాళ్లం. మా ఆయన దర్జీ. ముందు గదిలో దుకాణం, వెనక గదిలో కాపురం. పొద్దంతా మిషను తొక్కీ తొక్కీ ఆయన పాదాలు కొయ్యబారిపోయేవి. దుకాణం కట్టేశాక, దీపం పెట్టే వేళకు, మా అత్తమ్మ ఆయన కాళ్ల దగ్గర కూర్చుని వేళ్లకు మెటికలు విరిచేది. కుడికాలి బొటనవేలితో మొదలుపెట్టి చిటికెనవేలి దాకా, టక్ టక్ మని. పెళ్లాన్ని నేనున్నా, ఆమె ఆ పని నాకు ఎన్నడూ అప్పగించలేదు. నాకు లోపల మంటగానే ఉండేది. ఆమె పోయాక నేను విరవబోతే ఒక్క వేలూ మోగలేదు.

ఆమె చనిపోయిన ఏడాదే అది జరిగింది. పెళ్లిబట్టలు ఇచ్చి ములుగు రోడ్డు మీద సైకిల్‌పై వస్తున్న మా ఆయన కిందపడితే, ఎడ్లబండి చక్రం కుడికాలి మీదుగా పోయింది. మోకాలి కింద ఎముక విరిగింది. దవాఖానకు తీసుకుపోతే కాలు కోసేస్తారని మా మామకు భయం. వర్ధన్నపేట వైపు నుంచి, విరిగిన ఎముకలకు కట్టు కట్టే ముసలాయన్ని పిలిపించాడు. ఆ ముసలాయన ఎముక సరిచేసి, గుడ్డుసొన, మినప్పిండి కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి బిగించాడు. మళ్లీ తాను వచ్చేదాకా విప్పొద్దని చెప్పి పోయాడు.

రాత్రంతా మా ఆయన అరుస్తూనే ఉన్నాడు. కట్టు లోపల కాలు ఉబ్బుతోందని తెలుస్తూనే ఉంది. కాస్త వదులు చేద్దామని వంగితే మామ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇప్పకు బిడ్డా. ఎముక జరిగిందంటే ఇగ మిషన్ తొక్కుడు మర్చిపోవాలె."

ఆ మాటకు నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మిషను ఆగితే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

మర్నాడు మధ్యాహ్నానికి నొప్పి దానంతట అదే పోయింది. మాకు ప్రాణం లేచివచ్చింది. మామ దేవుడి పటానికి దండం పెట్టాడు. మా ఆయన ఇంత గంజి తాగి నిద్రపోయాడు. పాదం చల్లగా తగిలితే దుప్పటి కప్పాను. అలా నొప్పి పోవడమంటే ఏమిటో మాలో ఒక్కరికీ తెలియదు.

సాయంత్రం దీపం వెలిగిస్తున్నాను. వెనక నుంచి టక్ మని వినబడింది. కాసేపటికి ఇంకొకటి. తిరిగి చూస్తే మంచం దగ్గర ఎవరూ లేరు. మా ఆయన కళ్లు మూసుకునే అన్నాడు.

"అమ్మ మెటికలు ఇరుస్తాంది."

మూడోది వినబడింది. "ఎవరది!" అని అరిచి దుప్పటి లాగేశాను.

పాదం కమిలి నల్లబడి ఉంది. గోరు దిగేలా గిల్లాను. ఆయనకు తెలియనే లేదు. గిల్లితే తెలియని కాలికి మెటికలు ఎలా తెలిశాయి?

గుమ్మంలో మామ నిలబడి ఉన్నాడు. ఆయనా విన్నాడు. ఆ చప్పుడు ఎవరి చేతిదో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. ముందు గదిలోకి పోయి గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"కొయ్యి బిడ్డా. జల్దీ కొయ్యి."

కట్టు కోసేసి రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాం. ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని దారి పొడుగునా ఏడ్చాను. కాలు పోతే పోయింది, మనిషిని మిగిల్చమని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను.

కట్టు బిగువుకు రక్తం ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. తగ్గింది నొప్పి కాదట, కాలే చచ్చిపోతోందట. ఇంకో పూట ఆగి ఉంటే మోకాలి దాకా తీసేయాల్సి వచ్చేదన్నాడు.

ఆ చప్పుడు బద్దలదేమోనని, ఇంటికొచ్చాక ఆ వెదురు బద్దలన్నీ ఏరి చూశాను. ఒక్కటీ పగల్లేదు, చీలలేదు.

కాలు దక్కింది. చివరి రెండు వేళ్లు మాత్రం కుళ్లిపోతే తీసేశారు. కుంటుతూనే అయినా మా ఆయన మళ్లీ మిషను తొక్కాడు. సమయానికి కట్టు కోశానని చుట్టాలందరూ నన్ను మెచ్చుకున్నారు.

అత్తమ్మ ఎప్పుడూ బొటనవేలితోనే మొదలుపెట్టేది. ఆ సాయంత్రం నేను విన్నవి మూడు చప్పుళ్లు. ఆ కాలికి మిగిలినవీ మూడే వేళ్లు.

ఆ చప్పుడు ఏమిటో ఇవాళ్టికీ నాకు అంతుపట్టలేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ దీపం పెట్టినప్పుడల్లా నాలుగో చప్పుడు కోసం చెవి ఒగ్గుతాను. నేను అరవకుండా ఉండాల్సింది. ఆమెను చిటికెనవేలి దాకా పోనివ్వాల్సింది.