తమ్ముడి దారిలో నేను చూసింది

ఎల్బీనగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో మా ఆఫీసు ఉండేది. ఫోన్లో ఆడుకునే గేములు తయారుచేసేవాళ్లం. బొమ్మలు గీసేవాళ్లు, కోడ్ రాసేవాళ్లు ఎంతమంది ఉన్నా కథ రాసేవాళ్లం మాత్రం ఇద్దరమే. నేనూ, నా స్నేహితురాలూ. నేను మన్సూరాబాద్ నుంచి స్కూటీ మీద వచ్చేదాన్ని. ఆమెది గుంటూరు వైపు, దిల్‌సుఖ్‌నగర్‌లో లేడీస్ హాస్టల్లో ఉండేది.

మేమిద్దరం కలిసి రాసిన పెద్ద గేము ఒక్కటే. ఇద్దరు అన్నదమ్ముల సాహసం. అడవి నడుమ ఒక కోట, దానికి దారి ఎవరికీ తెలియదు. నేతగాడైన అన్న, తాత చెప్పిన గుర్తులన్నీ కలిపి ఆ దారిని ఒక గుడ్డ మీద నేస్తాడు. ఒకరోజు ఆ గుడ్డ మాయమవుతుంది. దాన్ని వెతుకుతూ అన్న ఒక దారిన, తమ్ముడు ఇంకో దారిన బయలుదేరతారు. ఆడేవాళ్లు ఒక అధ్యాయం అన్నగా, తర్వాతి అధ్యాయం తమ్ముడిగా ఆడుతూ పోవాలి. అన్న కథ నేను రాయాలి, తమ్ముడి కథ ఆమె రాయాలి.

"నా మలుపులు నీకు చెప్పను, నీవి నాకు చెప్పకు," అంది ఆమె మొదటి వారంలోనే. "ఇద్దరూ ఎదురుపడే చోట్లు మాత్రం బోర్డు మీద రాసుకుందాం. మనకే ఆశ్చర్యం కలగకపోతే ఆడేవాళ్లకేం కలుగుతుంది?"

నాకు ఆ మాట నచ్చింది. చివరి అధ్యాయం తమ్ముడిది, అంటే ఆమెది. దానికి ముందువరకు అన్నను నేను నడిపించాను. తమ్ముడికి ఏమైందోనన్న బెంగతో నదులు దాటించాను. ఆగిన ప్రతిచోటా తమ్ముడికోసం ఒక గుర్తు వదిలేలా రాశాను. అతన్ని రాస్తున్నప్పుడు మా పెదనాన్న గుర్తుకొచ్చేవాడు. మాది పోచంపల్లి పక్కనున్న ఒక చిన్న ఊరు. పెదనాన్న ఇప్పటికీ అక్కడే మగ్గం నేస్తున్నాడు. నాన్న మాత్రం నేను పుట్టకముందే పట్నం వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పనికి కుదిరాడు.

పెదనాన్న సంగతి నేను ఆమెకొకసారి చెప్పాను. ఆ రోజు ఆమె అక్క ఫోన్ చేసి, ఇక నీకూ నాకూ సంబంధం లేదని పెట్టేసింది. మెట్రో స్టేషన్ కింద జ్యూస్ బండి దగ్గర నిలబడి నా స్నేహితురాలు వెక్కివెక్కి ఏడ్చింది. ఎట్లా ఓదార్చాలో తెలియక, మా ఇంట్లో కూడా ఇట్లాంటిదే ఉందని చెప్పేశాను.

మా అమ్మానాన్నల పెళ్లయిన మొదటి ఆషాఢం. అమ్మ పుట్టింట్లో ఉంది. పెదనాన్న ఎన్నో నెలలు కూర్చుని, గ్రాఫు కాగితం మీద తానే గీసుకున్న ఒక కొత్త డిజైన్‌తో చీర నేశాడు. అది మగ్గం మీంచి దిగగానే ఆయనకు జ్వరం పట్టింది. ఒళ్లు తెలియకుండా పడుకున్నాడు. నాన్న ఆ చీరను చెప్పకుండా చేనేత ప్రదర్శనకు తీసుకెళ్లి, తన పేరు రాయించుకున్నాడు. మొదటి బహుమతి వచ్చింది. అమ్మ తిరిగొచ్చాక పెదనాన్న ఒకసారి మా ఇంటికి వచ్చాడు. అమ్మ గ్లాసుతో నీళ్లిచ్చింది. తాగాడు, గ్లాసును గడప మీద బోర్లించాడు, వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఇదంతా అమ్మ నాకు చెప్పింది, ఎవరితోనూ అనొద్దని చేతిలో చెయ్యి వేయించుకుని మరీ చెప్పింది.

నా స్నేహితురాలు కళ్లు తుడుచుకుని, "పాపం, మీ పెదనాన్న," అంది. అంతే.

గేము తయారైంది. ఒక మధ్యాహ్నం మీటింగ్ గదిలో కూర్చుని చివరి అధ్యాయం ఆడుతున్నాను. ఆమె నా పక్కనే కూర్చుని ఉంది. నా చేతిలో తమ్ముడు కోట తలుపు దాకా వచ్చాడు. తలుపు తెరుచుకోగానే పాత సంగతి కనిపించడం మొదలైంది. అన్న జ్వరంతో పడుకుని ఉన్నాడు. తమ్ముడు మెల్లగా వచ్చి మగ్గం మీది గుడ్డను కోసుకుంటాడు, రాజుగారి దగ్గరికి పోతాడు, నేసింది నేనే అంటాడు. దొంగ ఎవరా అని ఇన్ని అధ్యాయాలు వెతికిన తమ్ముడే దొంగ. అప్పుడు నా అన్న, నేను రాసిన అన్న, తలుపు దగ్గరికి వస్తాడు. అక్కడున్న నీళ్లు తాగుతాడు. గ్లాసును గడప మీద బోర్లించి వెళ్లిపోతాడు.

ఫోన్ బల్ల మీద పెట్టేశాను.

"ఇది మా నాన్న కథ," అన్నాను.

"అన్నదమ్ముల కథలు ఎన్ని లేవే లోకంలో?"

"గ్లాసు బోర్లించింది మా పెదనాన్న. లోకం కాదు."

ఆమె కాసేపు బోర్డువైపు చూసింది. మేమిద్దరం రంగు పెన్నులతో గీసుకున్న గీతలు దానిమీద అట్లాగే ఉన్నాయి. "నువ్వెలాగూ రాయవు," అంది చివరికి. "నీ దగ్గరుంటే అది అలాగే ఉండిపోయేది. నేనేం పేర్లు పెట్టలేదు కదా."

"నేను నీ ఏడుపు ఆపడానికి చెప్పిన, గేమ్‌లో పెట్టుకొమ్మని కాదు."

"తెలుసు," అంది. "తెలిసే పెట్టాను. అంతకంటే మంచి మలుపు నాకు దొరకలేదు."

ఆ 'తెలుసు' నన్ను ఎక్కువ కోసింది. పొరపాటున రాశానంటే ఏదో విధంగా సర్దుకునేదాన్ని. ఇంకో సంగతి అప్పుడే తట్టింది. నేను ప్రేమగా రాసిన ఎదురుచూపంతా ఆమె మలుపుకు పునాది అయింది. నా అన్న నదుల దగ్గర ఆగి తమ్ముడికోసం గుర్తులు వదిలిన ప్రతిసారీ, ఆమెకు తెలుసు అతను ఎవరికోసం ఆగుతున్నాడో. నాకే తెలియదు.

మా ఆఫీసు పెద్దాయన దగ్గరికి పోయి ఆ ఒక్క దృశ్యం తీసేయమని అడిగాను. ఎందుకో చెప్పలేకపోయాను. చెబితే ఇంకొకరికి చెప్పినట్టే కదా. "గదే సీన్ చూసి ఆఫీసుల అందరు ఏడుస్తున్నరమ్మా, గది తీస్తే ఏముంటది గేమ్‌ల?" అన్నాడాయన. నెల తిరక్కుండా నేను ఆ ఉద్యోగం మానేశాను.

గేము బయటికి వచ్చింది. మా నాన్న దుకాణంలో అందరి చేతా డౌన్‌లోడ్ చేయించాడు. "మా బిడ్డ రాసింది," అని చీరలు చూడడానికి వచ్చినవాళ్లకు కూడా చెప్పాడట. తను కూడా ఆడడం మొదలుపెట్టాడు. అలవాటు లేని వేళ్లతో, కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని, రోజుకు కొంచెం.

"అంత బాగుండదు నాన్నా, ఇడిచిపెట్టు," అన్నాను.

"ఎట్ల బాగుండదు? గీ అన్న మస్తు మంచోడు. ఎవలను చూసి రాసినవే?"

రోజూ సాయంత్రం ఆయన ఇంటికి రాగానే ఎక్కడిదాకా వచ్చాడోనని ఫోన్ తీసి చూసేదాన్ని. అయిదో అధ్యాయం. ఏడు. ఒకరోజు ఆయనకు తెలియకుండా గేమును తీసేద్దామని కూడా అనుకున్నాను. వేలు దాని మీద పెట్టి కూడా తీయలేకపోయాను.

ఒక ఆదివారం పొద్దున అమ్మ కూరగాయలకు పోయింది. నాన్న బాల్కనీలో కూర్చుని ఆడుతున్నాడు. చివరి అధ్యాయం దాకా వచ్చేశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"గిలాస సంగతి నీకెవలు చెప్పిన్రు?"

"అమ్మ."

"నువ్వెవలికి చెప్పినవ్?"

చెప్పాను. ఆమె నన్నెట్లా మోసం చేసిందో చెప్పడం మొదలుపెట్టాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"గామె నీకు చేసింది సరే. నువ్వు మీ అమ్మకు చేసిందేంది?"

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నాన్న కళ్లజోడు తీసి బనీనుతో తుడుచుకున్నాడు.

"గా పిల్ల ఒక్కటి తప్పు రాసింది," అన్నాడు. "మా అన్నకు జరం లేదు. మీ అమ్మకు నేనే గట్ల చెప్పిన. కొత్త పెండ్లాం, ఏమనుకుంటదో అని. జరం గిరం ఏం లేదు బిడ్డా. మంచిగనే ఉన్నడు. చీరను మడతపెట్టి ఆయనే నా చేతుల పెట్టిండు. 'నాకు మాట్లాడరాదు తమ్మీ, నువ్వు పోయి చూపెట్టు' అన్నడు. బస్సు దాకా ఒచ్చి ఎక్కిచ్చిండు."

కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "పడుకున్నోని దగ్గర ఎత్తుకపోయి ఉంటే జర నయముండు," అన్నాడు.

ఇన్నేళ్లుగా అమ్మ నమ్మిన కథ, నేను నమ్మిన కథ, దాన్ని నమ్మి నేను పంచుకున్న కథ, అన్నీ నాన్న అల్లినవేనని అప్పుడు తెలిసింది. దొంగతనం నాకు ముందే తెలుసు, దానికి ఎప్పుడో అలవాటుపడ్డాను. అది దొంగ జ్వరమని మాత్రం తెలియదు. పెదనాన్నకు జ్వరమట అని ఎన్నిసార్లు జాలిపడ్డానో, ఆ జాలి అంతా నాన్న నా చేత చేయించిందే. నాకు ఆయన మీద కోపం వచ్చింది. నా మీద వచ్చింది. ఇద్దరిమీద వచ్చిన కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లోపలికి వెళ్లి మంచం మీద కూర్చున్నాను.

ఆ తర్వాత వారం రోజులు నాన్నా నేనూ అన్నం పెట్టు, తలుపు వెయ్యి అన్న మాటలు తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. ఆ మధ్యలోనే నా స్నేహితురాలు మెసేజ్ పెట్టింది. కొత్త వెర్షన్‌లో ఆడేవాళ్లకు ఇంకో దారి ఇస్తున్నారట, తమ్ముడు గుడ్డను అన్నకు తిరిగిచ్చే దారి. "నీకోసమే పట్టుబట్టి పెట్టించాను," అని రాసింది. చదివాను. జవాబు ఇవ్వలేదు. ఇప్పటికీ ఇవ్వలేదు.

వేసవి మొదట్లో ఒక పొద్దున నాన్న నా స్కూటీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. "ఊరికి పోదాం పా," అన్నాడు. ఆయన వెనక కూర్చున్నాడు, హైవే మీద హయత్‌నగర్ దాటాం. బాటసింగారం దగ్గర పండ్ల మార్కెట్ ముందు ఆపమన్నాడు. లారీల మధ్యనుంచి లోపలికి పోయి, ఒక పెట్టె మామిడిపండ్లు భుజాన పెట్టుకుని వచ్చాడు. దాన్ని నా కాళ్ల దగ్గర పెట్టాడు. ఎక్కలేదు. పోచంపల్లికి మలుపు ఇంకొంచెం ముందుకు పోతే వస్తుంది. ఆయన ఆ వైపే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

"ఇయ్యాల వద్దు బిడ్డా," అన్నాడు. "బండి తిప్పు."

"ఇంత దూరం ఒచ్చినం కద నాన్నా."

"తిప్పు."

తిప్పాను. మన్సూరాబాద్ వచ్చేదాకా పెట్టె నా కాళ్లకు తగులుతూనే ఉంది. ఇంటిముందు దిగి, "మీ అమ్మకు చెప్పకు," అన్నాడు. సరే అన్నాను.

అమ్మ తలుపు తీసి పండ్లపెట్టె చూసింది. ఒకటి తీసి వాసన చూసింది.

"ఎక్కడివి?"

"బాటసింగారం," అన్నాను.

"పండ్లకోసం గంత దూరం పోతరా ఎవలన్న?" అంది అమ్మ.

నాన్న చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. నేను పెట్టె ఎత్తుకుని వంటింట్లో పెట్టాను.