ఒకటో నంబరు కారణం

కాకినాడ కాత్యాయనికి ఖాళీ అంటే పడదు. వంటింట్లో ఖాళీ డబ్బా కనిపిస్తే కనీసం ఉప్పయినా పోసిపెట్టేది. కంప్యూటరు దగ్గర మరీను. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పి ఆగిపోతాయన్న గండాన్ని గట్టెక్కించడానికి సిడ్నీలో దిగిన మనవాళ్ళందరికీ అదే జబ్బు. ఏ గడి ఖాళీగా వదిలినా ప్రోగ్రాం పడిపోతుందని హడలిపోయి, ఖాళీ కనిపించిన చోటల్లా ఏదో ఒకటి కూరిపెట్టేవారు. తీరా జనవరి ఒకటిన ప్రపంచం ఎక్కడా కూలలేదు. వీళ్ళ ఉద్యోగాలు మాత్రం కూలాయి.

క్వేకర్స్ హిల్‌లో అద్దెకుంటున్న కాత్యాయనికి ఏ జన్మ పుణ్యమో గాని ఒక గ్రంథాలయంలో మూడు నెలల పని దొరికింది. దాన్ని ఏడాదికి పొడిగిస్తే సరే, లేకపోతే దేశం వదలడమే. భర్త విజయభాస్కర్ యూనివర్సిటీలో చదువుకుంటున్నాడు గాని అతని వీసా కూడా ఈవిడ కొంగుకే ముడిపడి ఉంది.

పనేమిటయ్యా అంటే, విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో ఎవడో వరసగా ఆడవాళ్ళని చంపి, దొరక్కుండా పోయాడు. ఎందుకు చంపాడన్నదాని మీద అప్పటి పత్రికలు రాసిన నూట నలభై వార్తలని కంప్యూటర్లోకి ఎక్కించి, ఏ కారణం ఎన్నిసార్లు వచ్చిందో తేల్చాలి. దానితో ప్రదర్శన పెడతారు.

ఆహా, ఏం పత్రికలండీ అవి! హంతకుణ్ణి చూసినవాడు లేడు గాని, వాడి మనసులోకి దూరి రానివాడు లేడు. కత్తివాటం తెలుసు గనక కసాయి అన్నాడొకడు. కాదు డాక్టరు, అవయవాలు అమ్ముకోవడానికే చంపాడన్నాడు ఇంకొకడు. లోకంలోని పాపం కడుగుతున్న భక్తుడని ఒక పేపరు, నాటకం చూసి మతి చెడినవాడని మరొకటి. అన్నిటికన్నా ముందు కాత్యాయని చేతికొచ్చిన పేపరు మాత్రం, ఇంగ్లీషువాడు ఇలాంటి పని చెయ్యడు గనక వీడు పరదేశి అని తేల్చేసింది. మరి ఎందుకు చంపాడయ్యా అంటే, పరదేశి కావడమే కారణం. ఆవిడ నవ్వుకుని దానికి ఒకటో నంబరిచ్చింది. అలవాటు కొద్దీ, కారణం గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు దానంతటదే ఒకటి వేసుకునేలా ప్రోగ్రాం రాసింది. గ్రంథాలయం గుమాస్తాలు వార్తలు టైపు చేసి, పక్కన కారణం నంబరు వేశారు.

మార్చిలో లెక్క తీస్తే పరదేశికి అరవై ఒకటి వచ్చాయి. కసాయికి ఇరవై కూడా రాలేదు. గ్రంథాలయం పెద్దావిడ మిసెస్ హార్ట్‌లీ మురిసిపోయి, హంతకుడు పరదేశేనని ఆ అంకెతో గోడంత పోస్టరు అచ్చు వేయించింది. పని ఏడాదికి పొడిగించే కాగితం మీద శుక్రవారం సంతకం పెడతానంది.

బుధవారం, ఒక్క కారణానికే అన్ని రావడమేమిటని అనుమానమొచ్చి కాత్యాయని వార్తలన్నీ తిరగేసింది. పరదేశి అన్నవి పంతొమ్మిదే. మిగతా నలభై రెండూ మాకు తెలియదని ఊరుకున్నవి. తెలియదన్న మాటకి ఆవిడ నంబరే ఇవ్వలేదు. గుమాస్తాలు గడి ఖాళీగా వదిలారు, కంప్యూటరు ఒకటి వేసుకుంది. పాపం, మొత్తం మీద బుద్ధిగా ఉన్న పేపర్లు ఆ నలభై రెండే. వాటి నోట్లోనే ఈవిడ మాట కుక్కింది.

గురువారం కాత్యాయని ఇంకో లెక్క వేసుకుంది. చెబితే తప్పు తనది, ఉద్యోగం గల్లంతు. చెప్పకపోతే అడిగే నాథుడు లేడు. నూట పన్నెండేళ్ళ కిందటి పేపర్లు లేచొచ్చి సాక్ష్యం చెబుతాయా? మధ్యాహ్నం హాల్లో పోస్టరు తగిలించారు. దారిన పోతూ ఆగిన ఒక ముసలావిడ అది చదివి, పక్కన నిలబడ్డ కాత్యాయనిని చూసి, చేతిసంచి అవతలి భుజానికి మార్చుకుంది. కాత్యాయనికి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు.

శుక్రవారం పొద్దున్నే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదా అని అడిగింది మిసెస్ హార్ట్‌లీ. తెలిసేది కాదంది కాత్యాయని. పోస్టరు దించారు. కొత్త లెక్కలో 'తెలియదు' అన్నది అన్నిటికన్నా పైకొచ్చింది. గోడ మీద తెలియదని రాసి జనాన్ని రమ్మనలేమని కమిటీ ప్రదర్శనే మానేసింది. ఇక తప్పు చేసిన మనిషికి ఏడాది కాగితం ఎవరిస్తారు? ఇవ్వలేదు.

ఇంటికొచ్చి విజయభాస్కర్‌కి చెప్పింది.

"ప్రోగ్రాంలో బగ్గుందని నీ అంతట నువ్వే వెళ్ళి చెప్పడమేంటి కాత్యాయనీ? కాంట్రాక్ట్ సైన్ అయ్యాక చెప్పొచ్చుగా. ఎప్పటి పేపర్లో, ఎవడికి కావాలి?"

"ఆ నలభై రెండు పేపర్లూ ఆ మాట అన్లేదండీ. నేనన్నాను. మనల్నే అన్నాను."

విజయభాస్కర్ బీరువా మీది సూట్‌కేసులు దించి, తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.