మస్టరులో లేని మూడేళ్లు

ఆ రోజుల్లో ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న ప్రతివాడూ ఆఫీసరేనని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. బీకాం మూడో దండయాత్రలో గట్టెక్కి, మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాను. ఉదయం మస్టరులో కూలీల హాజరు వేయడం, మిగతా రోజంతా చొక్కా మీది రాతిదుమ్ము దులుపుకోవడం, ఇదీ నా పని. మొదటి రోజే షావుకారు, "నీ పేరు గూడా అండ్లోనే రాసుకో నాయనా" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "కూలోళ్ల కింద నా పేరా? నేను స్టాఫ్ గదా!" అన్నాను. (స్టాఫ్ అంటే నేనూ, గోడకున్న క్యాలెండరూ.) "నీ ఇష్టం" అని ఆయన నవ్వాడు. అలా మూడేళ్లు అందరి పేర్లూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను, నా పేరు తప్ప. రాయిని ఉలితో పొరలుగా చీల్చే ఒకావిడను అందరూ ఉలి అత్త అనేవారు. ఆమె పది నిమిషాలు ఆలస్యంగా వస్తే సగం పూటే వేసేవాణ్ణి. "బస్సు రాలే అల్లుడా" అంటే, "అల్లుడెవరు? సార్ అను!" అని గద్దించేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నాకు అందుబాటులోనే ఉందని గుర్తొస్తుంది.

మొన్నీమధ్య గిద్దలూరులో నేను పనిచేస్తున్న దుకాణం మూతపడింది. యాభై దాటినవాడికి ఉద్యోగం ఎవరిస్తారు? ఒక రాళ్ల కంపెనీవాళ్లు ఇస్తామన్నారు, రాతి ఫ్యాక్టరీలో పనిచేసినట్టు రుజువు తెస్తేనే. ధీమాగా మార్కాపురం బస్సెక్కాను. ఫ్యాక్టరీ ఎప్పుడో మూసేశారు. షావుకారు కొడుకు పాపం అటక ఎక్కి పాత మస్టర్లన్నీ దించాడు. ఒక్క పేజీకైనా చెద పట్టలేదు. "రాత నీదే మామా, పేరేదీ?" అన్నాడు. చివరికి, "నీతో పనిజేసినోళ్లెవరన్నా సంతకం పెడితే, కింద నేను ముద్రేసిస్తా" అన్నాడు.

ఊళ్లో మిగిలింది ఉలి అత్త ఒక్కతే. ఇంటి ముందు కందులు చెరుగుతోంది. ఎందుకొచ్చానో చెప్పాను.

"నువ్వు పనిజేసినావని నేను సంతకం పెట్టాల్నా? నువ్వేడ పనిజేసినావు సారూ? కూసోనుంటివి గదా!" చాటలో కందులు ఎగిరేలా నవ్వింది. "రాయి ఒక్కతూరన్నా ముట్టుకున్నావా? మేం దగ్గరికొస్తే సొక్కా దులుపుకుంటుంటివి."

ఇందులో ఒక్క ముక్కా అబద్ధం కాకపోవడమే నా కష్టం. "తప్పయింది అత్తా" అన్నాను, ముప్పై ఏళ్లు ఆలస్యంగా (నా లెక్క ప్రకారం సగం పూట కూడా వేయకూడదు).

ఆమె చాట పక్కన పెట్టింది. "ఏం రాసినావో సదువు."

"ఇతను ఫ్యాక్టరీలో గుమాస్తాగా పనిచేశాడు."

"అట్ల గాదు. 'మాతో పాటు' అని రాయి. అప్పుడే పెడతా."

రాశాను. ముత్యాలు కాస్త వంకర తిరిగాయి. ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేసి, "ఇంక పో అల్లుడా, బస్సు పోతాది" అంది.

ఉద్యోగం వచ్చింది. ఆ కాగితం నకలు ఒకటి నా దగ్గరే ఉంచుకున్నాను. తీసి చూసినప్పుడల్లా, ఫ్యాక్టరీలో ఉన్న ఒక్క కుర్చీలో మెడ బిగించి కూర్చున్న కుర్రాడు కనిపిస్తాడు. వాణ్ణి కొట్టాలని ఇప్పుడు అనిపించదు. లేవరా నాయనా, కాసేపు అత్తను కూర్చోనీ, అని చెప్పాలనిపిస్తుంది.