బారెంట్ బావ, మూడు దుర్భిణులు

మా బారెంట్ బావ కుడి కనుబొమ్మ మీద నెలవంకలాంటి మచ్చ ఉంది. రెహొబోత్ ఊరి చుట్టుపక్కల పొలాల్లో ఆ మచ్చ ఉన్నవాళ్ళు చాలామందే కనిపిస్తారు. వేట తుపాకి మీద దుర్భిణిని కంటికి మరీ దగ్గరగా బిగించి పేల్చితే, తుపాకి వెనక్కి తన్నినప్పుడు దాని అంచు నుదుటి మీద ముద్ర వేస్తుంది. సిగ్గున్నవాడికి ఆ ముద్ర ఒక్కసారే పడుతుంది. మా బావకి మూడుసార్లు పడింది, అదీ ఒకే చోట. ఎవరైనా అడిగితే మాత్రం చిన్నప్పుడు పొట్టేలు కుమ్మిందని చెబుతాడు.

నా పేరు డీనా. ఆయన భార్య హెస్టర్ మా అక్క. నా మొగుడు పోయినప్పటి నుంచి వాళ్ళ పొలంలోనే, వాళ్ళింటికి ఎదురుగా ఉన్న చిన్న ఇంట్లో ఉంటున్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదని అక్క అంటుంది. నానబెట్టుకుని నేను మాత్రం ఏం చేసుకోను?

చలికాలం వస్తే బావ అన్నదమ్ముల కుటుంబాలన్నీ వాగు అవతల ముళ్ళపొదల దగ్గర గుడారాలు వేస్తాయి. ఏడాదికి సరిపడా ఎండుమాంసం అక్కడే తయారవుతుంది. మెలితిరిగిన కొమ్ముల పెద్ద జింకని, అంటే కూడూని, ముందుగా ఇంటి పెద్దే కొట్టాలి, అదీ వాళ్ళ నాన్న తుపాకితోనే కొట్టాలి. ఇక వల్లకాదనుకున్న ఏడు తుపాకి తమ్ముడి చేతికి పోతుంది, పెద్దాయన నిప్పు దగ్గరికి వెళ్ళి కూర్చుంటాడు. నిప్పు దగ్గర కూర్చోవడమంటే మాంసం ముక్కలు తిరగెయ్యడం, పిల్లల ముక్కులు తుడవడం, వేట నుంచి వచ్చినవాళ్ళ గొప్పలు వినడం.

బావ వాళ్ళ నాన్న అలాగే కూర్చున్నాడు. రెండు చలికాలాలు పుల్లతో బూడిద గీకుతూ ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో చలికాలానికి మనిషే లేడు. అందుకే బావకి నిప్పంటే లోలోపల చచ్చేంత భయం. ఆ భయం పైకి కనపడకుండా ఉండటానికే దుర్భిణుల గురించి అంత గట్టిగా మాట్లాడతాడు.

మాట్లాడటానికి ఆయన దగ్గర సరుకు లేకపోలేదు. వయసులో ఉన్నప్పుడు చవకలో ఒకటి కొన్నాడు. తెల్లవారుజామున చలికి దాని లోపల ఆవిరి పట్టేసింది. ఎదురుగా కూడూ నిలబడి ఉంటే ఈయనకి స్నానాల గది కనిపించింది. ఆ తర్వాత తాలూకాలో ఎవరి దగ్గరా లేనంత దగ్గరగా చూపించేది తెచ్చాడు. ఎనభై అడుగుల్లో పొదలో ఉన్న జంతువుని దాంతో చూస్తే కనురెప్ప వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. కానీ ఆ కన్ను మగదానిదో ఆడదానిదో, అసలు కూడూదో వాళ్ళ గాడిదదో తేల్చేలోపు అది వాగు దాటిపోయింది. ఎంత పెద్దగా చూపిస్తే అంత కొంచెమే కనిపిస్తుందని ఆయనకి ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి ఆ ముక్క తానే కనిపెట్టినట్టు ఊరంతా చెప్పుకున్నాడు.

అయితే ఇవన్నీ పాత కథలు. తర్వాత పాతికేళ్ళు ఒకే ఒక్క దుర్భిణితో ఏడాదికో కూడూని ఒక్క గుండుకే పడగొట్టాడు. ఆ మాట చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది.

గొడవ మొదలైంది మూడేళ్ళ కింద. ఆ ఏడు గురి తప్పింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పాతికేళ్ళు అన్నం పెట్టిన దుర్భిణి చెడిపోయిందన్నాడు. కొత్తది కొన్నాడు. మరుసటేడు దాంతోనూ తప్పింది. సరిగ్గా కనపడటం లేదని దాన్ని కంటికి దగ్గరగా జరిపి జరిపి బిగించడంతో నెలవంక మీద ఇంకో నెలవంక పడింది. ఇంకోటి కొన్నాడు. పోయినేడు దాంతో చెదపుట్టని కొట్టాడు. తమ్ముడు ఫ్లిప్ పాపం నవ్వు ఆపుకుని, "ఇంకొక్క ఏడు చూద్దాం అన్నా. ఆ తర్వాత నీ ఇష్టం," అన్నాడు. నీ ఇష్టం అంటే ఏమిటో అందరికీ తెలుసు.

ఈ ఏడు మూడోది తెచ్చే ముందు ఇంట్లో జరిగిన మాటలివి.

"బావా, తప్పు దుర్భిణిది కాదు. నీ కన్ను మసకేసింది. పోయి డాక్టరుకి చూపించుకో."

"నా కంటికేమైందే? ఈ కంటితోనే కదా పదిమందిలో మీ అక్కని ఏరుకున్నాను!"

"మా వాళ్ళకి అప్పుడే అనుమానం వచ్చింది, ఈయనకి కళ్ళు సరిగ్గా కనపడవేమోనని," అంది అక్క పొయ్యి దగ్గర నుంచి.

"మీ ఇద్దరికీ వేటంటే ఏం తెలుసు? ప్రతిదానికీ పరీక్షలు పెట్టే ఉంచుకుంటున్నాను. గాలిమర తోక చదవకుండా ఏ దుర్భిణినైనా ఇంట్లో పెట్టానా?"

ఆ పరీక్షల గురించి చెప్పాలి. కొత్త దుర్భిణి రాగానే రొట్టెల సంచిలో చుట్టి ఒక రాత్రంతా ఫ్రీజర్లో గొర్రె కార్జాల పక్కన పడుకోబెడతాడు. పొద్దున్నే తీసి గోరువెచ్చని నీళ్ళ బకెట్‌లో ముంచి, బుడగలు వస్తున్నాయేమోనని చెవి ఒగ్గి వింటాడు. ఒకసారి అక్క ఎద్దు తోక అనుకుని దాన్ని కుండలో వేయబోయింది. తర్వాత దాన్ని పికప్‌లో పడేసి, గతుకుల రోడ్డు మీద కల్‌క్రాండ్ దాకా పోయి వస్తాడు. ఎంత కుదిపినా లోపలి గీతలు చెదరకూడదట. ఇవి దాటాక ఆఖరిదీ అసలైనదీ గాలిమర పరీక్ష.

పొద్దు గుంకి, వెలుగు ఇంకా పూర్తిగా పోని వేళ ఉంటుంది కదా, కూడూ పొదలోంచి బయటికి వచ్చేది అప్పుడే. మంచి గాజుకీ చెత్త గాజుకీ తేడా తెలిసేదీ అప్పుడే. మధ్యాహ్నం ఎండలో సీసా అడుగు పెట్టుకు చూసినా బాగానే కనిపిస్తుంది. ఆ వేళకి బావ దుర్భిణి ఒక్కదాన్నే చేతిలో పట్టుకుని, గోడ మీద ఇసుక సంచి వేసి, దాని మీద ఆనించి, పొలానికి నీళ్ళు తోడే గాలిమర వైపు చూస్తాడు. గాలిమర తోక రేకు మీద వాళ్ళ నాన్న ఎప్పుడో నల్లరంగుతో రాసిన మాటలు ఉంటాయి: "నీళ్ళు దేవుడివి. గేటు వెయ్యి." బావ వాటిని బడిపిల్లాడిలా గట్టిగా చదివి, దుర్భిణిని ముద్దుపెట్టుకుని లోపలికి తెస్తాడు. గడచిన రెండూ ఈ పరీక్షలో మొదటి తరగతిలో పాసైనవే. పాసైనవి రెండూ వేటలో ఎందుకు తప్పాయని అడిగితే, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం కాబట్టి, గాలి ఎదురొచ్చిందంటాడు.

మూడోదాని కోసం ఆయన విండ్‌హూక్ పట్నం వెళ్ళిన రోజున పెద్ద గాలి లేచింది. గాలిమర తోక ఊడి ముళ్ళకంచెలో పడి రెండు ముక్కలైంది. నీళ్ళ తొట్టి ఎండిపోతే గొర్రెలు ఊరుకోవుగా! ఫ్లిప్ వచ్చి తన దగ్గరున్న వేరే రేకొకటి బిగించి వెళ్ళాడు. బావ నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే ఫ్రీజరూ బకెట్టూ రోడ్డూ అన్నీ అయ్యాయి. తోక సంగతి చెప్పాలని మాకు తట్టనే లేదు. తోకదేముంది, గాలిమర తిరుగుతోంది, నీళ్ళు వస్తున్నాయి.

మర్నాడు పొద్దు గుంకాక ఆయన గోడ దగ్గర ఆనుకున్నాడు. నేనూ అక్కా గుమ్మంలో బఠాణీలు ఒలుస్తున్నాం. మెడ సర్దుకున్నాడు, ఊపిరి బిగబట్టాడు, దుర్భిణి చక్రం అటూ ఇటూ తిప్పాడు.

"ఆహా! ఇదీ గాజంటే! వినండే, ఒక్కో అక్షరం ఎలా కనపడుతోందో. నీళ్ళు దేవుడివి. గేటు వెయ్యి. ఆ చివర్లో చుక్క కూడా కనిపిస్తోంది."

నా చేతిలో బఠాణీ కాయ అలాగే ఉండిపోయింది. గాలిమర మీద ఉత్త రేకు ఉంది. గీత లేదు, చుక్క లేదు. ఏళ్ళ తరబడి ఆయన చదువుతున్నది గుర్తున్న మాటల్నేనని అప్పుడు తెలిసింది. వెక్కిరించడానికి ఇంతకంటే మంచి అవకాశం నాకు జన్మలో రాదు. నోరు తెరిచాను, ఒక్క మాటా రాలేదు. బావ అంటే నాకెంత ఇష్టమో ఆ క్షణంలో తెలిసింది.

"డీనా నోరు మూతపడిందంటే గొప్ప గాజే ఇది!" అని నవ్వాడాయన.

అక్క బఠాణీల గిన్నె కింద పెట్టింది. ఆవిడ మెత్తగా మాట్లాడే మనిషి కాదు, ఆ రోజు మాత్రం మెత్తగానే చెప్పింది.

"బారెంట్, ఆ తోక మొన్న గాలికి పడిపోయింది. ఇప్పుడున్నది ఫ్లిప్ బిగించిన వేరే రేకు. దాని మీద ఏమీ లేదు."

ఆయన మళ్ళీ దుర్భిణిలో చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని సంచిలో పెట్టి లోపలికి పోయాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే నడుచుకుంటూ గాలిమర దగ్గరికి వెళ్ళి, నిచ్చెన సగం ఎక్కి, తల ఎత్తి చూసి దిగొచ్చాడు. కాఫీ తాగి, తుపాకి బీరువా తాళంచెవి తీసి అక్క చేతిలో పెట్టాడు.

"నీ దగ్గరుంచు. ఫ్లిప్‌కి ఇవ్వాలో నాకే ఇవ్వాలో తర్వాత చూద్దాం. కళ్ళ డాక్టరు ఎప్పుడొస్తాడో కనుక్కో."

అక్క తాళంచెవిని దారానికి కట్టి మెడలో వేసుకుంది. ఆ రోజంతా ఎవ్వరం జోకు వెయ్యలేదు. ఇల్లు చావింటిలా ఉంది.

డాక్టరమ్మ చూసి, కుడి కంట్లో శుక్లం బాగా ముదిరిందని, దాన్ని తీసి లోపల చిన్న అద్దం పెడతామని చెప్పింది. అద్దం అన్న మాట వినగానే మా బావకి ప్రాణం లేచొచ్చింది.

"ఏ రకం గాజమ్మా? పొద్దు గుంకాక ఎలా ఉంటుంది? చలికి లోపల ఆవిరి పట్టదు కదా?"

"పట్టదు తాతా."

"ఫ్రీజర్లో పెట్టి చూశారా?"

"లేదు తాతా. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు."

"మధ్యలో గురి గీతలేమైనా ఉంటాయా?"

"మీ కంట్లో గీతలు గీస్తే నా ఉద్యోగం పోతుంది," అందావిడ. అక్క సిగ్గుతో తలకి కట్టుకున్న గుడ్డ అంచుతో ముఖం దాచుకుంది.

కట్టు విప్పి ఇంటికి తెచ్చిన రోజు సాయంత్రమే ఆయన గోడ దగ్గరికి నడిచాడు. ఈసారి చేతిలో ఏమీ లేదు. పొద్దు గుంకింది. ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని గాలిమర వైపు చూస్తూ నిలబడ్డాడు. మేమిద్దరం వెనకాలే నిలబడ్డాం.

"హెస్టర్."

"ఆఁ."

"అక్కడ ఏమీ రాసి లేదు."

అక్క ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచేదేముంది. "మూలన తుప్పు మరక ఒకటుంది," అన్నాడు. నాకు కనపడలేదు. మర్నాడు దగ్గరికి పోయి చూస్తే నిజంగానే ఉంది. అక్క మెడలోంచి దారం తీసి తాళంచెవిని ఆయన చేతిలో పెట్టింది.

ఆయన తుపాకి జోలికి పోలేదు. బీరువాలోంచి దుర్భిణులు తెచ్చాడు. చెడిపోయిందని తిట్టి మూలన పడేసిన పాతికేళ్ళ పాతది, దాని తర్వాతవి రెండూ వరసగా గోడ మీద పెట్టి, ఒక్కోదాన్నీ తీసి కుడి కంటితో చూశాడు. ఒక్కోటీ దించేసరికి ముఖం ఇంకొంచెం చిన్నబోయింది. కొత్తదాన్ని ముట్టుకోనే లేదు.

"ఏమైంది బావా? ఏది మంచిది?" అన్నాను.

"మూడూ మంచివే," అన్నాడు నేల చూస్తూ. "ఒక్కదాంట్లోనూ దోషం లేదు."

"ఆ మాట నాకు కాదు, వాటికి చెప్పు. మూడేళ్ళుగా తిట్లు తిన్నది అవే," అంది అక్క ముక్కు తుడుచుకుంటూ.

మా బావ ఇటూ అటూ చూసి, పాతికేళ్ళ పాతదాన్ని చేతిలోకి తీసుకుని, చొక్కా అంచుతో దాని గాజు తుడిచాడు. పెదవులు కదిలాయి. ఏమన్నాడో నాకు వినపడలేదు, మళ్ళీ చెప్పమని అడగనూ లేదు.