గడియారం చెప్పని టైము

మా ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరుగారి పక్కన సూదులు సిద్ధం చేసే టెక్నీషియన్‌ని అందరం గడియారం అంటాం. ఆయన చేతికి వాచీ ఉండదు, అది వేరే సంగతి. ఆపరేషనయి వార్డుకొచ్చిన ప్రతి మనిషి దగ్గరా కూర్చుని ఒకటే పాట పాడతాడు.

"నడుం సూదిలో మత్తుమందుతో పాటు రవ్వంత మార్ఫిన్ కలిపాం. కాళ్లు సాయంత్రానికి కదుల్తాయి. నొప్పి మాత్రం రేపు పొద్దున పది దాకా తెలీదు. అది మందు మహిమ, మీ ఒంటి మహిమ కాదు. తొమ్మిదికే మాత్ర అడిగి వేసుకోండి. నొప్పొచ్చాక అడిగితే దాన్ని పట్టుకోలేం."

ఇరవై రెండేళ్లుగా విని విని మాకు విసుగు. ఆయన చెప్తాడులే అని మేం నర్సులం చెప్పడం ఎప్పుడో మానేశాం. మా వార్డులో మాత్ర అడిగినవాళ్లకే ఇస్తాం. సిగ్గుపడాల్సిన విషయమే, ఒప్పుకుంటున్నాను.

ఆయన భార్యని నేను వదినా అని పిలుస్తాను. ఆమెకు కడుపులో గడ్డ. నెలల తరబడి నొప్పితో మెలికలు తిరిగిపోయింది. ఆపరేషన్ రోజు నడుం సూది ఆయనే సిద్ధం చేశాడు, డాక్టరుగారు వేసి, నిద్రమందు కూడా ఇచ్చారు. సర్జన్ కడుపు తెరిచి చూసి, గడ్డ పేగులన్నిటికీ అల్లుకుపోయిందని, ఏమీ తీయకుండానే కుట్టేశారు. ఆయన అక్కడే నిలబడి అంతా చూశాడు.

మధ్యాహ్నం వార్డులో వదిన కళ్లు తెరిచింది. పొట్ట మీద చెయ్యి భయం భయంగా ఆనించి చూసుకుంది.

"ఏమండీ, నొప్పి లేదండీ! బొత్తిగా లేదు!"

ఆయన దుప్పటి ఆమె భుజాల దాకా లాగి సర్దాడు.

ఆ పూటంతా ఆమె నోటికి తెరిపి లేదు. ఇంటికెళ్లగానే తను నెలలుగా పడుకున్న ఆ పరుపు అవతల పారేయాలట. దువ్వెన అడిగి తెప్పించుకుంది. "ముక్కొకటే దురదండీ" అని గోక్కుంటూ నవ్వింది. ఆ దురద మార్ఫిన్ వల్లే. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. నాకు ఒళ్లు మండి ఆయన్ని వరండాలోకి పిలిచాను.

"అన్నా, వదినకి చెప్పవా?"

"రేపు చెప్తానమ్మా. ఈ ఒక్కరోజు ఉండనీ."

జబ్బు సంగతి గురించే అంటున్నాడనుకున్నాను. మాత్ర సంగతి చెప్పకుండా ఉంటాడని కలలో కూడా అనుకోలేదు.

మర్నాడు తొమ్మిది దాటింది. వదిన మాత్ర అడగలేదు. నేను పక్క మంచం వాళ్ల సెలైన్ మార్చే పనిలో పడ్డాను. పదిన్నరకి వార్డు దద్దరిల్లేలా అరిచింది. పరుగెత్తి ఇంజెక్షన్ ఇచ్చాను. అది ఎక్కడానికి టైము పడుతుంది కదా, అంతవరకూ ఆమె మంచం కమ్మీ పట్టుకుని గిలగిల్లాడింది. ఆయన ఆమె రెండో చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నాడు. నాకూ ఏడుపాగలేదు.

కాసేపటికి ఆమె ఆయనవైపు తల తిప్పింది.

"అందరికీ టైము చెప్తారుగా మీరు. నిన్నంతా మీ నోటివైపే చూస్తూ కూర్చున్నాను, ఎప్పుడు చెప్తారా అని. మీరు చెప్పలేదు. చెప్పలేదంటే, నిజంగానే తగ్గిపోయిందనుకున్నానండీ."