చాలన్నా ఆగని గరిటె

మా చిన్నప్పుడు... ఇందిరాపురం ఫ్లాట్లో రాత్రి భోజనం అంటే నాకు పరీక్షే! కంచంలో అన్నం పొగలు కక్కుతూ ఉండేది. పప్పు గిన్నె ఘుమఘుమలాడిపోతూ ఉండేది. అమ్మ గరిటె పట్టుకుని పక్కనే నిలబడేది. కానీ పప్పు మాత్రం కంచంలో పడేది కాదు... ఎందుకో తెలుసా? నేనింకా ఇంగ్లీషులో సరిగ్గా అడగలేదని!

నవ్వకండి బాబూ. అది మా నాన్న పెట్టిన రూలు.

నాన్న ఉద్యోగం కోసం తెనాలి నుంచి ఈ హిందీ వాళ్ల ఊరికి వచ్చిన కొత్తలో, ఓ సాయంత్రం కింద పార్కులో పక్క టవర్ ఆంటీ నన్ను పలకరించింది. నేను గొప్పగా "ఐ హావ్ మచ్ ఫ్రెండ్స్" అన్నాను. ఆంటీ పకపకా నవ్వి, "అరే బేటా, మచ్ నహీ, మెనీ!" అంది. చుట్టూ ఉన్న పిల్లలూ నవ్వారు. నాకేం పెద్దగా అనిపించలేదు గానీ, పక్కనున్న నాన్న మొహం మాడిపోయింది.

ఆ రోజు నుంచే మొదలైంది నా ఖర్మ... లెక్కపెట్టగలిగేవైతే మెనీ, ఫ్యూ. లెక్కకి రానివైతే మచ్, లిటిల్. పూరీలు మెనీ, పప్పు మచ్. తప్పు చెబితే వడ్డన లేదు. అంతే.

"ఎ ఫ్యూ దాల్" అన్నానో, ఇక నా పని అయిపోయినట్టే!

"పప్పుని లెక్కపెడతావా? ఒక పప్పు, రెండు పప్పులు అని?" అనేవారు నాన్న.

"మరి మెతుకులు లెక్కపెట్టొచ్చుగా నాన్నా? అన్నానికి మెనీ ఎందుకు రాదు?" అంటే, "ఎదురు మాట్లాడకు" అని కసిరేవారు. బ్రెడ్డు మరీ ఘోరం. కళ్లెదురుగా రెండు కనిపిస్తుంటే లెక్కపెట్టకూడదట! ముక్కల్ని లెక్కపెట్టాలట, బ్రెడ్డుని కాదట. ఒళ్లు మండిపోయేది నాకు.

అసలు తెలుగులో నేనెప్పుడైనా "ఎన్ని అన్నం" అన్నానా? "ఎంత పూరీలు" అన్నానా? ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే వచ్చింది కదా... ఇంగ్లీషూ అలాగే నెమ్మదిగా వచ్చి ఉండేది. దానికి అన్నం ముందే పాఠం పెట్టాలా?

ఇక్కడ మా అమ్మ వడ్డన గురించి చెప్పాలి. తెనాలిలో ఉన్నప్పుడు అమ్మ దగ్గర "చాలు" అనే మాటకి విలువే ఉండేది కాదు. చాలంటే ఇంకో గరిటె పడేది. కంచానికి చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసేది! "ఏం తిన్నావని లేస్తావే, పిట్ట కూడా నీకంటే ఎక్కువే తింటుంది" అంటూ కొసరి కొసరి పెట్టేది. మనల్ని అడిగేదెక్కడ...

అలాంటి అమ్మ ఇందిరాపురంలో గరిటె పట్టుకుని నా నోటి వైపు చూస్తూ నిలబడాల్సి వచ్చింది.

ఓ రోజు ఊరి నుంచి ఎవరో గోంగూర తెచ్చారు. ఎన్నాళ్లకో గోంగూర పప్పు! మొదట వేసింది ఎప్పుడో ఖాళీ చేసేశాను. ఇంకా కావాలి. ఫ్యూ అనాలా, లిటిల్ అనాలా... భయానికి నోరు తిరగలేదు. కళ్లల్లో నీళ్లు వచ్చేశాయి. అమ్మ చూడలేక గరిటె నిండా పప్పు తీసింది.

"వెయ్యకు. అడగనీ" అన్నారు నాన్న.

"చిన్నపిల్లండీ..."

"రేపు బయట అందరూ నవ్వితే నువ్వొచ్చి చెప్తావా?"

అమ్మ తీసిన పప్పుని మళ్లీ గిన్నెలోకి వంచేసింది.

నేను మజ్జిగన్నం కూడా తినకుండా లేచిపోయాను. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది. నాన్న చెడ్డవారేం కాదు. నా మంచికే చేశారు. అన్నీ తెలుసు నాకు... అయినా కోపం పోదు, ఏం చెయ్యమంటారు?

తర్వాత నేను నేర్చుకున్నాను లెండి. నాతోపాటు అమ్మా నేర్చుకుంది. "హౌ మెనీ పూరీస్?" "హౌ మచ్ రైస్?" అని అడిగి, ఎంత చెబితే అంతే వడ్డించేది. నాన్న తెగ మురిసిపోయేవారు. రెండంటే రెండే పూరీలు వచ్చేవి. అంతకుముందు రెండంటే నాలుగు పడేవి!

ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉద్యోగం. పొద్దుట క్యాబ్ ఎక్కిన దగ్గర్నుంచి ఇంగ్లీషే. ఎక్కడా ఒక్క మచ్ గానీ మెనీ గానీ తప్పు పోదు. బాగానే ఉంది...

మొన్న ఆదివారం అమ్మావాళ్లింటికి వెళ్లాను. గోంగూర పప్పు చేసింది అమ్మ. నేనూ నాన్నా కూర్చున్నాం. అమ్మ ఓసారి వడ్డించి గరిటె పట్టుకుని నిలబడింది. నా కంచంలో పప్పు అయిపోయింది. నేను కావాలనే అడగలేదు, వేస్తుందేమో చూద్దామని.

చివరికి నాన్నే అన్నారు, "పిల్ల కంచం చూడవే, ఇంకాస్త వెయ్యి!"

"అడగలేదుగా అండీ" అంది అమ్మ. కోపం లేదు, వెటకారం లేదు. మామూలుగానే అంది. నాన్న ఇంక తలెత్తలేదు.

అమ్మ ఓ గరిటె వేసింది. నేను వెంటనే "చాలమ్మా" అన్నాను. చిన్నప్పటిలాగే కంచానికి చెయ్యి కూడా అడ్డం పెట్టాను.

అమ్మ ఆగిపోయింది.

మీ ఇళ్లల్లో చాలన్నా వినకుండా వడ్డించేవాళ్లు ఇంకా ఉన్నారా? ఉంటే వాళ్ల ముచ్చట్లు కింద రాయండి, చదువుకుంటాను... వాళ్లని మాత్రం ఎప్పుడూ ఆపకండి. ఒకసారి ఆగిన చెయ్యి మళ్లీ కదలడం లేదండీ మా ఇంట్లో.