నడిమి గళ్లు

కట్టుడుపళ్ల మేస్త్రికి ఓడిపోవడం చేతకాదు. చేసే పనీ అలాంటిదే. అచ్చులో వెంట్రుకవాసి తేడా వచ్చినా పళ్లసెట్టు నోట్లో నిలవదు. అందుకే తప్పెక్కడుందో పట్టేదాకా ఊరుకునేవాడు కాదు. అది తనదై ఉండొచ్చన్న ఆలోచన మాత్రం ఆఖరున వచ్చేది.

అక్క మొగుడు బస్సు డ్రైవరు, మితభాషి. బావా బావమరుదులిద్దరూ ఫోన్లో చదరంగం ఆడేవారు. మామూలు చదరంగం కాదు. అందులో ఎదుటివాడి ఆట కట్టించనక్కర్లేదు. మన రాజును బల్ల నడుమనున్న నాలుగు గళ్లలో ఒకదాంట్లోకి క్షేమంగా చేర్చినా గెలిచినట్టే. బావకు అది నేర్పింది మేస్త్రే. మొదట్లో చిత్తుగా ఓడిన బావ, ఉన్నట్టుండి వరసబెట్టి గెలవసాగాడు. మేస్త్రికి మింగుడుపడలేదు. బావ కంప్యూటర్ని అడిగి ఎత్తులు వేస్తున్నాడని తీర్మానించుకుని యాప్ వాళ్లకు ఫిర్యాదు చేశాడు. విచారణ తేలేదాకా వాళ్లు బావ ఖాతా ఆపేశారు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. అక్క ఇంట్లో అందరూ భోజనాల దగ్గరుండగా నవ్వుతూ అనేశాడు: "మా బావ స్టీరింగు తనే తిప్పుతాడు గానీ, చదరంగం మాత్రం కంప్యూటర్ చేత తిప్పిస్తాడు."

ఎవరో కిసుక్కున నవ్వారు. బావ కంచం తీసుకుని లేచి వెళ్లిపోయాడు. మేనకోడలు తండ్రి వెళ్లినవైపే చూస్తూ కూర్చుంది.

యాప్ వాళ్లు ఆధారం అడిగారు. సెలవురోజున మేస్త్రి పాత ఆటలన్నీ మళ్లీ నడిపించి చూశాడు. ఒకదాంట్లో బావ రాజు నడిమి గడికి ఒక్క అడుగు దూరంలో ఉన్నాడు. అడ్డు లేదు. జరిపితే గెలుపే. బావ ఎక్కడో మూలనున్న బంటును జరిపాడు. ఇంకో ఆటలో గెలుపు కళ్లెదుటే ఉంటే గుర్రాన్ని కాపాడుకుంటూ కూర్చున్నాడు. కంప్యూటర్ని అడిగేవాడెవడూ ఇలా చేజార్చుకోడు. మేస్త్రి ఈసారి తన ఎత్తులు చూసుకున్నాడు. తను ఓడిన ఆటల్లోనూ తన రాజుకు అదే దారి తెరుచుకుని ఉంది. నేర్పినవాడికే కనబడలేదు.

ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం తేలికే, ఆ పూటే తీసుకున్నాడు. బావ ముందు నిలబడటానికే కాళ్లు రాలేదు. రెండుసార్లు డిపో గేటుదాకా వెళ్లి తిరిగొచ్చాడు. చివరికి బావ బస్సు అద్దం తుడుస్తుంటే దగ్గరికెళ్లాడు.

"తప్పు నాది బావా. మీరు మోసం చెయ్యలేదు."

"ఆ సంగతి నాకు తెలుసు. నీకెలా తెలిసింది?"

గెలిచే ఎత్తులెన్నో ఆయన చూడకుండా వదిలేశాడని మేస్త్రి నసుగుతూ చెప్పాడు. బావ గుడ్డ పిండి పక్కన పెట్టాడు.

"అంటే, తెలివితక్కువవాణ్ని గనక మంచివాణ్ని అయ్యానన్నమాట."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. బావ గొంతు పెంచలేదు. "నాకెందుకు చెప్పడం? ఆ రోజు మా అమ్మాయి విన్నది. దానికి చెప్పు."

ఆ సాయంత్రమే వెళ్లి అందరి ముందూ చెప్పాడు. నవ్వించేలా చెబుదామనుకున్నాడు గానీ ఉన్నదున్నట్టే చెప్పేశాడు. మేనకోడలు అంతా విని, "ముందే నాన్ననే అడగాల్సింది కదా మామయ్యా," అంది.

బావ ఖాతా తిరిగి తెరిచారు. ఎవరెవరితోనో ఆడుతూనే ఉంటాడు. మేస్త్రి ఆటకు పిలిస్తే మాత్రం డ్యూటీ ఉందంటాడు. నిజంగా ఉందా అని మేస్త్రి అడగడు.